హైస్కూలు మాస్టారికి రత్నం పెన్ను: ఎంపిక నుంచి ఇంకు దాకా

పదో తరగతి బ్యాచ్ సమ్మేళనాల్లోనూ పదవీ విరమణ సభల్లోనూ మాస్టార్లకు అందేవి దాదాపు ఒకటే: శాలువా, పూలదండ, మెమెంటో. శాలువాలు బీరువాలోకి పోతాయి, మెమెంటోలు గోడ అల్మారాలోకి. లెక్కలో ఒక మెట్టు ఎగరేస్తే నోటుబుక్కు మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ‘ఇదెలా వచ్చింది?’ అని రాసిన మనిషికి, అదే చేత్తో రోజూ పట్టుకునే వస్తువు ఇవ్వాలి. అందుకు మేం గట్టిగా చెప్పే పేరు రాజమండ్రిలో చేత్తో చేసే ఫౌంటెన్ పెన్ను, రత్నం పెన్ను.

కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టిన పని ఇది. బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంలా ఉందని గాంధీజీ 1935లో వార్ధా నుంచి ఆయనకు ఉత్తరం రాశారు. సోషల్ మాస్టారికి ఇస్తున్నట్టయితే ఈ సంగతి తప్పకుండా చెప్పి ఇవ్వండి.

ఒళ్లు ఎబొనైట్‌ది. రబ్బరులో గంధకం కలిపి వేడితో గట్టిపరిస్తే వచ్చే కడ్డీని లేత్ మీద తిప్పి చేస్తారు. కొత్త పెన్ను మూత తీయగానే గంధకం వాసన కాస్త వస్తుంది, వాడేకొద్దీ పోతుంది. లోహపు పెన్నులా బరువు ఉండదు, చెమట పట్టిన వేళ్లలో జారదు. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టి, కట్టలు కట్టలు పేపర్లు దిద్దిన వేళ్లకు సన్నటి పెన్ను కంటే కాస్త లావుది హాయి. మూత వెనక తగిలించి రాస్తే బరువు వెనక్కి లాగుతుంది, తీసి పక్కన పెట్టి రాయడమే మేలు.

పాళీ దగ్గర తొందరపడొద్దు. మామూలు నోటుబుక్కు కాగితం మీద లావు పాళీ ఇంకు పాకిస్తుంది, సన్న పాళీయే అడగండి. బంగారు పాళీ ఖరీదుతో పాటు మెత్తన కూడా ఎక్కువ. బాల్‌పెన్ను నొక్కి రాసే అలవాటు పడ్డవారి చేతిలో దాని రెండు కొనలూ విచ్చుకుంటాయి, అక్కణ్ణుంచి గీత చీలుతుంది. అలాంటి మాస్టారికి స్టీలు పాళీ చాలు. చేత్తో చేసిన వస్తువు కాబట్టి ఏ రెండు పెన్నులూ అచ్చం ఒకేలా ఉండవు. తీసుకునే ముందు ఇంకులో ముంచి పేరా అంత రాసి చూడండి. పై నుంచి కిందికి బాగానే నడిచి అడ్డగీతలో గీరుకుంటుంటే పాళీ కొనలు సమంగా లేవన్నమాట. అక్కడే సరిచేయించుకోండి.

పాత రకం పెన్నుకు గొట్టమే ఇంకు తొట్టి. ఫిల్లరుతో నేరుగా పోయాలి. మూడు మిల్లీలీటర్ల దాకా పట్టేవీ ఉంటాయి, ముందే ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం, అంటే కార్ట్రిడ్జ్‌లో అయితే ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. చిక్కు ఎక్కడంటే, ఇంకు బాగా తగ్గాక లోపల గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు తోస్తుంది, పెన్ను కక్కుతుంది. మన వేసవిలో ఇది మరీ ఎక్కువ. మూడో వంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపితే ఈ బాధ దాదాపు ఉండదు. జేబులో ఎప్పుడూ పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి. గొట్టం బిగించే మరల మీద సిలికాన్ గ్రీజు చిటికెడు రాస్తే కారదు. వాజిలైన్ రాయకండి, పెట్రోలియం సరుకు రబ్బరు జాతికి పడదు. ఇదంతా మాస్టారికి శ్రమ అనిపిస్తే, కన్వర్టర్ (ఇంకును పైకి పీల్చుకునే చిన్న గొట్టం) పట్టే రకం ఉందేమో అడిగి అదే తీసుకోండి.

ఇంకు బ్రిల్, క్యామెల్ లాంటి మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకే పోయాలి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు పోస్తే పాళీ కింది నాలికలో ఎండి దారి మూసుకుపోతుంది. ఇంకు మార్చినప్పుడు చన్నీళ్లతో కడగాలి. వేణ్ణీళ్లు తగిలినా, కిటికీ ఎండలో పడి ఉన్నా ఎబొనైట్ నల్లదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. స్పిరిట్ జోలికి అసలు పోవద్దు.

పెన్ను మీద పేరు చెక్కించేట్టయితే మాస్టారి పేరు, ఇంటిపేరు ఏ అక్షరాలతో ఉండాలో కాగితం మీద రాసి ఇవ్వండి. ఫోన్లో చెబితే తప్పులొస్తాయి, చెక్కాక చెరపలేరు. సెప్టెంబరు 5కి కావాలంటే కనీసం నెల ముందే మాట్లాడుకోండి.

ఇంకో పని. పెన్ను చేతికి వచ్చాక దానితోనే మాస్టారికి రెండు పేజీల ఉత్తరం రాయండి. ‘మీ మేలు మరువలేం’ అని ఊరుకోకుండా, ఏ క్లాసులో ఏ పాఠం, ఆయన ఏ మాట అంటే మీకు లెక్క తెలిసింది, ఇప్పుడు అది మీ ఏ పనిలో అక్కరకొస్తోంది, అవి రాయండి. ఎవరి చదువు ఎక్కడికి చేరిందో మాస్టార్లకు చాలాసార్లు తెలియనే తెలియదు. మొదటి పేజీ పూర్తయ్యేసరికి పెన్నులో లోపం ఏదైనా ఉంటే బయటపడుతుంది కూడా. ఆ తర్వాత కడిగి, తుడిచి, ఖాళీ పెన్నునే పెట్టెలో పెట్టండి. నింపి ఇస్తే ప్రయాణపు కుదుపుల్లో మూతలోకి కారుతుంది. పక్కనే నీలం ఇంకు బుడ్డి, ఫిల్లరు, గ్రీజు డబ్బీ, ఆ ఉత్తరం. ఇప్పటికీ పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్న మాస్టారైతే ఎర్ర ఇంకు బుడ్డి కూడా చేర్చండి.