ఒక్క శనివారమే ఉంటే శాండీగేట్‌కే వెళ్లండి

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఫుట్‌బాల్ చూడాలంటే అందరూ బ్రామాల్ లేన్ స్టేడియం దారి చూపిస్తారు. మేం ఆ పెద్ద మైదానాన్ని బయటి నుంచి చూసి సరిపెట్టుకున్నాం. మా ఆసక్తి టీవీలో కనిపించని రెండు చిన్న క్లబ్బుల మీద. ప్రపంచంలో ఇప్పటికీ ఆడుతున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అన్నిటికన్నా పాతది షెఫీల్డ్ ఎఫ్.సి. అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ మైదానం శాండీగేట్ మాత్రం దాని ప్రత్యర్థి హాలమ్ ఎఫ్.సి. దగ్గర ఉంది. రెండింటికీ పోయి వచ్చాక ఏది చూడదగ్గదో నాకు సందేహం లేదు.

ముందు షెఫీల్డ్ ఎఫ్.సి. సంగతి. పేరులో షెఫీల్డ్ ఉన్నా మైదానం ఆ ఊళ్లో లేదు, పక్క జిల్లా డెర్బీషైర్‌లోని డ్రాన్‌ఫీల్డ్‌లో ఉంది. షెఫీల్డ్ నుంచి రైల్లో పది నిమిషాల ప్రయాణం, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. నథానియెల్ క్రెస్విక్, విలియమ్ ప్రెస్ట్ అనే ఇద్దరు క్రికెట్ ఆటగాళ్లు 1857 అక్టోబర్ 24న ఈ క్లబ్బును పెట్టారు. వేసవిలో క్రికెట్ సరే, చలికాలంలో ఒంటికి కసరత్తు ఏదన్నది వాళ్ల బెంగ. మరుసటి ఏడాదే సొంత నిబంధనలు రాసుకున్నారు. ఈనాటి కార్నర్ కిక్ ఆ షెఫీల్డ్ నిబంధనల నుంచి వచ్చిందే. ఇంత చరిత్ర ఉన్న క్లబ్బు సొంత మైదానం లేకుండా దాదాపు శతాబ్దన్నర కాలం అద్దె ఇళ్లు మారినట్టు మారుతూ, 2001లో గానీ డ్రాన్‌ఫీల్డ్‌లో స్థిరపడలేదు. 2004లో ఫిఫా ఇచ్చిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం క్లబ్బుల్లో రియల్ మాడ్రిడ్‌కూ దీనికీ మాత్రమే దక్కింది. 2011లో చేతిరాత నిబంధనలతో సహా పాత కాగితాలను వేలం వేస్తే 8,81,250 పౌండ్లు వచ్చాయి. తాతల నాటి దస్తావేజులు అమ్ముకోవడం తప్పా ఒప్పా అన్నది మేం తేల్చలేకపోయాం. రైల్లో వెనక్కి వచ్చేదాకా దాని మీదే వాదించుకున్నాం.

అక్కడ చూడటానికి ఏముంది? నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. చిన్న స్టాండు, ఇనుప కటకటాలు, రోడ్డువారగా కోచ్ అండ్ హార్సెస్ అనే పబ్బు. మైదానం కన్నా పబ్బులోనే సందడి ఎక్కువ. మనుషులు మర్యాదస్థులు. దూరం నుంచి వచ్చామని తెలిస్తే కుర్చీ జరిపి పలకరిస్తారు. అయితే 1857 నాటి ఆనవాలు కోసం వెతికితే గోడ మీది పేరులో తప్ప కనపడదు.

శాండీగేట్‌లో అలా కాదు. నగరానికి పడమర, క్రాస్‌పూల్ అనే ఎత్తైన పేటలో ఉంటుంది. సిటీ సెంటర్ నుంచి బస్సు ఎక్కితే దారంతా ఎక్కుడే. 1804 నుంచి ఇక్కడ క్రికెట్ ఆడేవారు, 1860లో హాలమ్ క్లబ్బు పుట్టాక ఫుట్‌బాల్ మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్ 26న మంచులో హాలమ్, షెఫీల్డ్ తలపడ్డాయి. ప్రపంచంలో ఏ రెండు క్లబ్బుల మధ్యనైనా జరిగిన తొలి మ్యాచ్‌గా దీన్నే చెబుతారు. అతిథులు 2-0తో గెలిచారు. రెండేళ్ల తర్వాత ఇవే జట్లు బ్రామాల్ లేన్‌లో ఆడాయి. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక మిల్లులు మూతపడి పస్తులున్న లాంకషైర్ కార్మికుల సహాయనిధి కోసం ఆ మ్యాచ్. ఆ కరువులోనే మన దేశపు పత్తికి అక్కడ గిరాకీ పెరిగింది. సహాయం కోసం ఆడిన ఆట కాస్తా ముష్టియుద్ధమైంది. క్రెస్విక్‌తో కలబడిన హాలమ్ ఆటగాడు వాటర్‌ఫాల్‌ను శిక్షగా గోల్ కాయడానికి పంపారట!

శాండీగేట్ అసలు విశేషం దాని వాలు. ఫొటోల్లో తెలియదు, గోల్ వెనక నిలబడితే తెలుస్తుంది. మేం చూసిన మ్యాచ్‌లో డిఫెండర్ వదిలేసిన బంతి ఆగినట్టే ఆగి, మళ్లీ కదిలి, కింది మూల జెండా వైపు తనంతట తాను దొర్లిపోయింది. మొదటి సగం దిగువకు ఆడిన జట్టు రెండో సగంలో ఎగువకు ఆడుతూ ఆయాసపడింది. గోల్‌కీపర్ తిట్లు స్పష్టంగా వినిపించేంత దగ్గరగా నిలబడవచ్చు. హాలమ్ వాళ్లు 1867లో గెలిచిన యూడాన్ కప్పు కథ కూడా ఇక్కడ అడగాల్సిందే. ఫైనల్లో ఒక్క గోలూ పడలేదు. గోల్ పక్కన అదనపు జెండాల మధ్య సంపాదించే ‘రూజ్’ అనే పాయింట్లు రెండు రావడంతో గెలిచారు. తర్వాత కప్పు ఎక్కడికో పోయి, 1997లో స్కాట్లాండ్‌లోని పాత వస్తువుల వ్యాపారి ద్వారా తిరిగి వచ్చింది.

బస విషయానికొస్తే, రైల్వే స్టేషన్ దగ్గర తీసుకున్న హోటల్ గది మాకు నచ్చలేదు. శనివారం రాత్రి కిటికీ కింద తాగినవాళ్ల కేకలు, గదిలో సరిగా పనిచేయని హీటరు. మర్నాడు బ్రూమ్‌హిల్ వైపు ఒక గెస్ట్‌హౌస్‌కు మారాం. అద్దె కొంచెం ఎక్కువే గానీ ప్రశాంతంగా ఉంది, శాండీగేట్‌కు వెళ్లే దారిలోనే ఉంది. ఇంటావిడ అడగకముందే గుడ్డు లేని అల్పాహారం విడిగా పెట్టింది. శాకాహారులకు మైదానంలో చిప్స్, పచ్చబఠాణీ ముద్ద తప్ప పెద్దగా దొరకవు. వాటి మీద హెండర్సన్స్ రెలిష్ చల్లుకోండి. షెఫీల్డ్ వాళ్లు ప్రాణం పెట్టే ఈ పుల్లటి సాస్‌లో, వూస్టర్ సాస్‌లో ఉండే చేపలు ఉండవు.

టికెట్ ఏ మైదానంలోనూ పది పౌండ్లు దాటలేదు. సీజన్ ఆగస్టు నుంచి ఏప్రిల్ చివరి దాకా, మ్యాచ్‌లు సాధారణంగా శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు. వానకో మంచుకో నేల పాడైతే ఆ ఉదయమే రద్దు చేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు క్లబ్బు ప్రకటన చూసుకోండి. శాండీగేట్‌లో గాలి కోస్తుంది. ఏప్రిల్‌లో వెళ్లినా మందపాటి కోటు తప్పదు.