కొండ మీద గోల్ఫ్: బెజవాడ నుంచి కొడైకెనాల్‌కు, ఊటీకి

విజయవాడ, గుంటూరుల్లో ఉంటూ గోల్ఫ్ ఆడేవారికి ఆట అంటేనే ప్రయాణం. 18 హోల్స్ (బంతిని పడేయవలసిన గుంటలు) ఉన్న కోర్సు కావాలంటే విశాఖలోని ఈస్ట్ పాయింట్‌కో, హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లాలోని కోర్సుకో పోవలసిందే. ఎలాగూ ఊరు దాటి వెళ్లాల్సిన ఆటే అయినప్పుడు, ఉక్కపోత లేని కొండ మీద కోర్సులోనే ఎందుకు ఆడకూడదన్న మాట మా బృందంలో ఎప్పటినుంచో నలుగుతూ వచ్చింది. కొడైకెనాల్, ఊటీ రెండు చోట్లా ఆడి వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: ఇటువంటి యాత్రలో ముందుగా ఖాయం చేసుకోవలసింది హోటలూ కాదు, రైలూ కాదు, ఉదయపు టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టడానికి క్లబ్ కేటాయించే వేళ. అది చేతికొచ్చాకే మిగిలినవి దాని చుట్టూ అమర్చుకోవాలి.

మా చర్చలో మొదట వచ్చినవి ఉత్తరాది పేర్లే. గుల్మార్గ్ కోర్సు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది కానీ, శీతకాలమంతా మంచు కింద ఉంటుంది. సిమ్లా దగ్గర నాల్‌దేరా అందమైనదే, షిల్లాంగ్ పైన్ చెట్ల కోర్సుకూ శతాబ్దం పైబడిన చరిత్ర ఉంది. అయితే మన ప్రాంతం నుంచి వెళ్లాలంటే రెండుమూడు వాహనాలు మారాలి, ఆడిన సమయం కంటే ప్రయాణంలో గడిపిన సమయమే ఎక్కువవుతుంది. మున్నార్ హైరేంజ్ క్లబ్‌లో ఉన్నవి 9 హోల్స్ మాత్రమే. కాబట్టి మొదటిసారి వెళ్లేవారికి తమిళనాడు కొండలే అనువైనవన్నది నా మాట.

ఎప్పుడు వెళ్లాలన్నది వాన నిర్ణయిస్తుంది. కొడైకెనాల్‌కు ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు, నవంబరు నెలల్లో గట్టి వానలు పడతాయి. ఊటీ ఉన్న నీలగిరులకు నైరుతి వానలూ తప్పవు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండలు మండుతున్నప్పుడు అక్కడ చల్లగా ఉండే మాట నిజమే కానీ, ఆ రెండు నెలల్లో దక్షిణాది అంతా ఆ ఘాట్ రోడ్ల మీదే ఉంటుంది. పైగా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన వచ్చే అవకాశం ఎక్కువ. సంక్రాంతి హడావుడి ముగిసినప్పటి నుంచి మార్చి దాకా ఉన్న కాలం అన్ని విధాలా మేలు. తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, అయితే ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గదులూ సులువుగా దొరుకుతాయి.

కొడైకెనాల్‌కు రైల్లో వెళ్లేవారు చెన్నై చేరి, అక్కడ రాత్రి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కొడై రోడ్ స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి కొండ మీదికి సుమారు 80 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. ఇందులో ఒక చిక్కుంది. విజయవాడ నుంచి వెళ్లే రైళ్లలో ఎక్కువ భాగం చెన్నై సెంట్రల్‌కు చేరితే, పాండ్యన్ బయలుదేరేది ఎగ్మూరు నుంచి. 14 క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) ఉన్న బ్యాగు భుజాన వేసుకుని స్టేషన్ మారడం కుర్రవాళ్లకు ఫరవాలేదు గానీ, మోకాళ్ల నొప్పులున్నవారు మధ్యలో కనీసం మూడు నాలుగు గంటల వ్యవధి ఉంచుకోవడం మంచిది. బ్యాగుకు గట్టి కవరు తొడిగి, క్లబ్బుల తలల చుట్టూ తువ్వాలు బిగించి కట్టాలి. పొడవుగా ఉన్న ఆ బ్యాగు స్లీపర్ బెర్తు కింద అడ్డంగా పట్టదు, నిలువుగా తోయాలి.

సొంత కారులో వెళ్లాలనుకునేవారికి దూరం 900 కిలోమీటర్లకు పైమాటే. దానికి తోడు, మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలేనని పరిమితి కూడా పెట్టారు: కొడైకెనాల్‌కు మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000. ప్రభుత్వ బస్సులో వెళ్లేవారికి ఈ పాస్ అక్కర్లేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద రెండు చోట్లా నిషేధం అమల్లో ఉంది కాబట్టి, కోర్సు మీద తాగే నీటికి స్టీలు సీసా ఇంటి దగ్గరే బ్యాగులో పెట్టుకోవాలి.

బస విషయంలో మాకు ఎదురైన అనుభవం కాస్త వివరంగా చెప్పడం అవసరం. కొడైకెనాల్‌లో హోటళ్లు ఎక్కువగా సరస్సు చుట్టూ, బస్టాండు పరిసరాల్లో ఉంటాయి. గోల్ఫ్ కోర్సు మాత్రం పిల్లర్ రాక్స్ వెళ్లే దారిలో, సరస్సుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒక ఏజెంటు కోర్సుకు ఆనుకునే ఉందని చెప్పి మాకు కుదిర్చిన గది నుంచి చూస్తే గోల్ఫ్ కోర్సు కాదు కదా, ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు తప్ప ఏమీ కనబడలేదు. దూరం కంటే ఇబ్బంది పెట్టింది వంటగది వేళలు. ఏడింటికి ఆట మొదలుపెట్టాలంటే ఆరున్నరకు బయలుదేరాలి. ఆ బసలో టిఫిన్ ఎనిమిది దాటితే గానీ రాదు, గీజరు కూడా ఏడు గంటలకు గానీ వేయరు. అందువల్ల గది మాట్లాడేటప్పుడు కిటికీలోంచి ఏం కనబడుతుందని కాక, వేణ్నీళ్లు ఎన్నింటికి వస్తాయి, తెల్లవారుజామున పొట్లం కట్టి ఇస్తారా, ఆ వేళకు కారు దొరుకుతుందా అన్న మూడు ప్రశ్నలు అడగాలి. సరస్సు ఒడ్డున ఉన్న కార్ల్‌టన్ వంటి పెద్ద హోటళ్లలో సౌకర్యాలకు కొదవ లేదు, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. తెల్లవారక ముందే లేచి వెళ్లిపోయే ఆటగాడికి అంత ఖర్చు దండగేమోనని నాకనిపించింది. ఆడని కుటుంబసభ్యులు వెంట ఉంటే లెక్క మారుతుంది. వాళ్లకు సరస్సు ఒడ్డే సుఖం.

కొడైకెనాల్ గోల్ఫ్ క్లబ్ 1895 నాటిది. ఎత్తు పల్లాల పచ్చిక మీద 18 హోల్స్, అంచుల్లో చెట్లు, పొద్దున్నే లోయలోంచి ఎగదోసుకొచ్చే పొగమంచు. సభ్యులు కానివారు ముందుగా రాసి టీ టైమ్ అడగాలి. గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టేది), క్యాడీ (బ్యాగు మోస్తూ సలహా చెప్పే సహాయకుడు) రుసుము, అద్దె క్లబ్బుల సంగతి, పన్నులతో కలిపి ఎంతవుతుందో లిఖితపూర్వకంగా తెప్పించుకోవడం ఉత్తమం. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే పత్రం) వెంట ఉంచుకోవాలి. కాలరున్న చొక్కా, మెత్తని స్పైకుల బూట్లు లేకుండా, జీన్స్ తొడుక్కుని వెళితే ఇటువంటి పాత క్లబ్బుల్లో మాట పడాల్సి వస్తుంది. మీరు సభ్యులుగా ఉన్న ఊరి క్లబ్బుకు అక్కడి క్లబ్బుతో పరస్పర ఒప్పందం ఉందేమో కార్యదర్శిని అడిగితే ఫీజులో తేడా రావచ్చు.

ఈ కోర్సుకు అసలు యజమానులు అడవిదున్నలు. నా బంతి ఒకచోట ఫెయిర్‌వే (కత్తిరించిన పచ్చిక దారి) అంచున పడితే, దానికి పాతిక అడుగుల దూరంలో ఒక దున్న, మోకాళ్ల దాకా తెల్లగా ఉన్న కాళ్లతో నిలబడి, తల ఎత్తకుండా గడ్డి కొరుకుతోంది. క్యాడీ చేయి అడ్డం పెట్టి ఆపాడు, తమిళంలో ఏదో చెప్పి, దూరంగా ఒక చోటు చూపించాడు. ఇది మర్యాద కోసం చేసిన ఏర్పాటు కాదు. ప్రమాదకరమైన జంతువు దగ్గర బంతి ఆగితే పెనాల్టీ లేకుండా సురక్షితమైన చోట డ్రాప్ చేసుకోవచ్చని, అంటే బంతిని చేత్తో జారవిడిచి ఆడవచ్చని, గోల్ఫ్ నియమాల్లో 16.2 చెబుతుంది. గిట్టల గుంటల్లో పడిన బంతి సంగతి వేరు. దానికి సడలింపు క్లబ్ పెట్టుకున్న స్థానిక నియమం మీద ఆధారపడుతుంది కాబట్టి ఆట మొదలుపెట్టక ముందే ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

దూరాల లెక్క మరొకటి. 2,100 మీటర్ల ఎత్తున గాలి పలుచన కావడం వల్ల బంతి సుమారు 8 శాతం ఎక్కువ దూరం పోతుంది. విశాఖ సముద్రతీరంలో సెవెన్ ఐరన్ అనే క్లబ్బుతో 140 గజాలు కొట్టేవారు ఇక్కడ 150 దాకా కొట్టగలరన్న మాట. అయితే తెల్లవారుజాము చలికి బంతి బిగుసుకుని ఆ లాభంలో కొంత పోతుంది, ఎండ ఎక్కాక తిరిగి వస్తుంది. అంచేత మొదటి తొమ్మిది హోల్స్‌కు ఒక క్లబ్బు, తర్వాతి తొమ్మిది హోల్స్‌కు మరొక క్లబ్బు తీయవలసి వస్తుంది. గ్రీన్ల (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద మాత్రం లెక్కలు పక్కనపెట్టి క్యాడీ మాట వినాలి. కంటికి ఎత్తుగా కనిపించేది పల్లం కావడం కొండ కోర్సుల్లో మామూలే. తడి గ్రీన్ మీద ముందు ఆడినవారి బంతి మంచులో గీసిన గీత చూస్తే వాలు ఎటున్నదీ తెలుస్తుంది.

పదకొండుకల్లా ఆట ముగించాలి. కోర్సు పక్కనే ఉన్న గ్రీన్ వ్యాలీ వ్యూ దగ్గర ఆ వేళకు పర్యాటకుల కార్లు బారులు తీరి, తిరుగు దారి నత్తనడకన సాగుతుంది.

ఊటీకి రైలు మార్గం మనకు సుఖం. గుంటూరు వారికి శబరి, బెజవాడ వారికి కేరళ ఎక్స్‌ప్రెస్ నేరుగా కోయంబత్తూరు చేరుస్తాయి. అక్కడి నుంచి కొండ మీదికి సుమారు 90 కిలోమీటర్లు. మేట్టుపాళయం నుంచి వెళ్లే నీలగిరి రైలు 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, 46 కిలోమీటర్లకు అయిదు గంటలకు దగ్గరగా పడుతుంది. గోల్ఫ్ బ్యాగుతో ఆ చిన్న పెట్టెల్లో ఎక్కడం కష్టం, దాన్ని ఆట లేని రోజుకు ఉంచుకోవాలి. జింఖానా క్లబ్ వారి 18 హోల్స్ కోర్సు వెన్‌లాక్ డౌన్స్ మీద, చుట్టూ బయలు పచ్చిక మధ్య ఉంటుంది. చెట్ల అడ్డు తక్కువ కాబట్టి గాలిదే రాజ్యం. ఎత్తుగా కొట్టేవారికి అక్కడ శిక్ష తప్పదు. నా మట్టుకు ఆటగా చూస్తే ఊటీ కఠినం, అనుభవంగా చూస్తే కొడై ముందుంటుంది. నడకలో ఆయాసం మాత్రం రెండు చోట్లా ఒకటే కాబట్టి, చేరిన మర్నాడే 18 హోల్స్‌కు దిగకుండా తొమ్మిదితో సరిపెట్టుకోవాలి.

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అందుచేత క్లబ్బుకు లేఖ దానికి కనీసం ఒక పక్షం ముందు రాసి, జవాబు వచ్చిన తేదీకి సరిపడేలా, వారాంతం తగలకుండా, తిరుగు ప్రయాణం టికెట్టుతో సహా ఒకేసారి తీసుకోవాలి.