ఇఫ్-ఎల్సా, టర్నరీనా: సీలో ఏది ఎక్కడ మేలు?

సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో టర్నరీ ఆపరేటర్ (కండిషన్ ? విలువ1 : విలువ2) పరిచయం కాగానే చాలామంది విద్యార్థులు కనబడ్డ ప్రతి ఇఫ్‌నూ దాంట్లోకి మార్చేయాలని చూస్తారు. నాలుగు లైన్లు ఒక్క లైన్ అవుతుంటే ముచ్చటగానే ఉంటుంది. హనుమకొండలోనో కాజీపేటలోనో వైవాలో "రెండింట్లో ఏది మేలు?" అని అడిగితే "లైన్లు తగ్గుతాయి కాబట్టి టర్నరీ" అనే జవాబు మాత్రం చాలదు. అక్కడ మీకు కావాల్సింది ఒక విలువా, ఒక పనా అన్నది తేల్చుకుంటే ఎంపిక దాదాపు అయిపోయినట్టే.

ఇఫ్ అనేది స్టేట్‌మెంట్. ఈ పని చెయ్యి, లేదంటే ఆ పని చెయ్యి అని చెబుతుంది, విలువేమీ ఇవ్వదు. టర్నరీ ఎక్స్‌ప్రెషన్. కండిషన్ నిజమైతే మొదటి విలువ, కాకపోతే రెండోది ఏరి చేతికిస్తుంది. సీలో మూడు ఆపరాండ్లు (ఆపరేటర్ పనిచేసే విలువలు) తీసుకునే ఆపరేటర్ ఇదొక్కటే. ఏరుకున్న వైపు మాత్రమే లెక్క జరుగుతుంది, రెండోదాన్ని ముట్టుకోదు.

మన పత్తి కొనుగోలునే ఉదాహరణగా తీసుకుందాం. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోళ్లలో తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర. 8 దాటి 12 వరకు ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే తీసుకోరు. 2024-25లో పొడవు పింజకు క్వింటాల్ ధర 7521 రూపాయలు, మధ్యస్థ పింజకు 7121. ఒక శాతం కోత 75.21 అవుతుంది, ఇక్కడ పైసలు వదిలేసి 75 అనుకుందాం. (కింది కోడ్‌ను చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇచ్చాం, టైప్ చేసేటప్పుడు కీవర్డులు ఇంగ్లిష్‌లోనే ఉండాలి.)

కాన్స్ట్ ఇంట్ ధర = పొడవుపింజ ? 7521 : 7121;

ఇది టర్నరీకి సిసలైన చోటు. కాన్స్ట్ వేరియబుల్‌కు పుట్టుకతోనే విలువ ఇవ్వాలి, తర్వాత మార్చలేం. ఇఫ్‌తో రాయాలంటే కాన్స్ట్ తీసేయాల్సిందే. ఫంక్షన్ బయట ఉండే గ్లోబల్ వేరియబుల్ సంగతీ అంతే: కండిషన్, విలువలు కాన్‌స్టెంట్లయితే టర్నరీ అక్కడ పనిచేస్తుంది, ఇఫ్‌కు ఫంక్షన్ బయట చోటే లేదు. ఫంక్షన్‌కు పంపే ఆర్గ్యుమెంట్ మధ్యలోనూ టర్నరీయే నయం:

పుట్స్(తేమ > 12 ? "తీసుకోం" : "తీసుకుంటాం");

ఇక దెబ్బతినే చోట్లు. మొదటిది ప్రిసిడెన్స్, అంటే ఏ ఆపరేటర్ పని ముందు జరగాలన్న వరస.

చెల్లింపు = ధర - తేమ > 8 ? 75 : 0;

రాసినవాళ్ల ఉద్దేశం "తేమ 8 దాటితే ధరలోంచి 75 తీసెయ్" అని. టర్నరీ ప్రిసిడెన్స్ చాలా తక్కువ, దాని కింద అసైన్‌మెంట్, కామా మాత్రమే ఉంటాయి. అందుకని కంపైలర్ ముందు తీసివేత చేస్తుంది, తర్వాత పోలిక, చివరికి టర్నరీ. తేమ 10 అయితే 7521 - 10 = 7511, అది 8 కన్నా ఎక్కువే, కాబట్టి చెల్లింపు 75. క్వింటాల్ పత్తికి రెండు శాతాల కోత 150 పోను 7371 రావాల్సిన రైతుకు 75 రూపాయలు చూపించే ప్రోగ్రామ్ ఒక్క ఎర్రర్ లేకుండా కంపైల్ అవుతుంది. 8 పైన ప్రతి శాతానికీ కోత పడేలా, బ్రాకెట్లతో ఇలా రాయాలి:

చెల్లింపు = ధర - ((తేమ > 8) ? (తేమ - 8) * 75 : 0);

టర్నరీ పక్కన ఇంకే ఆపరేటర్ ఉన్నా మొత్తం టర్నరీకి బయట ఒక జత బ్రాకెట్లు పెట్టడం అలవాటు చేసుకోండి.

రెండోది, టర్నరీ లోపల అసైన్‌మెంట్.

(తేమ > 8) ? కోత = తేమ - 8 : కోత = 0;

సీలో ఇది ఎర్రర్: "ఎల్‌వాల్యూ రిక్వైర్డ్", అంటే = గుర్తుకు ఎడమ పక్క విలువ దాచుకునే వేరియబుల్ ఉండాలని. చివరి "= 0" మొత్తం టర్నరీ ఫలితానికి తగులుకుంటుంది, ఆ ఫలితానికి విలువ ఇవ్వడం సీలో కుదరదు. ఇదే లైన్ సీ ప్లస్ ప్లస్‌లో నడుస్తుంది. ఫైల్‌ను సీపీపీ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేస్తే ఇంట్లో పనిచేసి, ల్యాబ్‌లో ఆగిపోయేది ఇందుకే. నిజానికి ఇక్కడ రాయాల్సింది "కోత = (తేమ > 8) ? తేమ - 8 : 0;" అని.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. 12 దాటిన పత్తిని కూడా అదే లైన్లో ఇరికించాలనిపిస్తుంది:

కోత = (తేమ <= 8) ? 0 : (తేమ <= 12) ? తేమ - 8 : -1;

సింటాక్స్ పరంగా తప్పు లేదు, టర్నరీ కుడి నుంచి ఎడమకు కలుస్తుంది కాబట్టి అనుకున్నట్టే చదువుకుంటుంది. అయితే "తీసుకోం" అన్నది విలువ కాదు, పని. టర్నరీ ఏదో ఒక విలువ ఇచ్చి తీరాలి గనుక అక్కడ -1 వచ్చి కూర్చుంది. తర్వాతి లైన్లో "ధర - కోత * 75" అని ఉంటే, 14 శాతం తేమ ఉన్న పత్తికి 7521 + 75, అంటే 7596 లెక్కగడుతుంది. తిరస్కరించాల్సిన సరుకుకు మద్దతు ధర కన్నా ఎక్కువ! రిటర్న్, బ్రేక్, కంటిన్యూ టర్నరీలో పెట్టలేం. ఇలాంటి చోట ఇఫ్-ఎల్స్ నిచ్చెన వేసి, 12 దాటగానే సందేశం ప్రింట్ చేసి రిటర్న్ అవ్వడమే సరైన దారి.

టైపుల విషయంలో రెండూ ఒకే ఫలితం ఇస్తాయనుకోవద్దు. టర్నరీలో రెండు వైపులా ఉన్న అంకెలను కంపైలర్ ఒకే టైపుకు తెస్తుంది. ఒకవైపు 75, ఇంకోవైపు 75.21 ఉంటే ఏ వైపు ఎంచుకున్నా ఫలితం డబులే (దశాంశ టైపు), దాన్ని పూర్ణాంకాల కోసం ఉన్న %డితో ప్రింట్ చేస్తే ఏం వస్తుందో చెప్పలేం. ఒకవైపు అన్‌సైన్డ్ ఇంట్ (రుణ సంఖ్యలు పట్టని టైపు), మరోవైపు -1 ఉంటే ఇంకా ప్రమాదం: 32 బిట్ల ఇంట్‌లో ఆ -1 కాస్తా 4294967295 అవుతుంది. దాన్ని లాంగ్ లాంగ్‌లో పెట్టుకుని "సున్నా కన్నా తక్కువా?" అని అడిగితే కాదనే వస్తుంది. ఇఫ్‌లో విడివిడిగా అసైన్ చేసి ఉంటే -1 అలాగే ఉండేది. జీసీసీ కంపైలర్‌లో -వాల్ (-Wall)తో పాటు -డబ్ల్యూఎక్స్‌ట్రా (-Wextra) ఆప్షన్ కూడా ఇస్తే ఈ సైన్ మార్పు మీద వార్నింగ్ వస్తుంది.

ఇఫ్‌కూ దాని గుంట దానికి ఉంది.

ఇఫ్ (తేమ <= 12)
    ఇఫ్ (తేమ > 8)
        కోత = తేమ - 8;
ఎల్స్
    తిరస్కారం = 1;

ఇండెంటేషన్ చూస్తే ఎల్స్ పై ఇఫ్‌దనిపిస్తుంది. కంపైలర్‌కు ఇండెంటేషన్ పట్టదు, దగ్గరి ఇఫ్‌కే కలుపుతుంది. దాంతో 7 శాతం తేమ ఉన్న మంచి పత్తి తిరస్కారమై, 14 శాతంది దర్జాగా లోపలికి పోతుంది. ఒక్క లైనే ఉన్నా సరే ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టండి.

వేగం గురించి అడిగితే, తేడా లేదనుకోవచ్చు. ఒకే పనిని రెండు రకాలుగా రాసి, జీసీసీలో -ఓ2 -ఎస్ (-O2 -S) ఇచ్చి అసెంబ్లీ పక్కపక్కన పెట్టి చూడండి, ఇలాంటి చిన్న కండిషన్లకు సాధారణంగా ఒకే ఇన్‌స్ట్రక్షన్లు కనిపిస్తాయి.

తప్పు వెతికేటప్పుడు మాత్రం ఇఫ్‌దే పైచేయి. జీడీబీ డీబగ్గర్‌లో టర్నరీ లైన్ మీద బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు గుర్తు) పెడితే ఆ లైన్ దగ్గర ఆగుతుంది, ఏ వైపు వెళ్లిందో తెలియదు. ఇఫ్‌లో ఒక్కో దారికి ఒక్కో లైన్ ఉంటుంది. టర్నరీ మీద అనుమానం వస్తే దాన్ని ఇఫ్‌గా విప్పి, ప్రతి దారిలో బ్రేక్‌పాయింట్ పెట్టి, పొడవు పింజకు తేమ 8, 9, 12, 13 ఇచ్చి నడపండి. వరుసగా 7521, 7446, 7221 వచ్చి, 13 దగ్గర తిరస్కారం రావాలి.