"నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?": నాలుగేళ్ళ వాడుక తరువాత

ఈ నాలుగేళ్ళలో మా ఫోటోల కూటమిలో "వద్దండి" అన్న మాట నేను ఒక్కసారే విన్నాను. నెలకొకసారి, ఒక్కో ఆదివారం ఎనిమిదేసి ఫోటోలు చూస్తూ వచ్చిన మనుషుల మధ్య ఆ మాట ఒక్కసారే వినబడిందంటే, మేము వాడుతున్న పద్ధతిలో అన్నిటికంటే గొప్పదని నేను పొగుడుతూ వచ్చిన అంశం నిజానికి ఎంత తక్కువగా పనిచేసిందో ఊహించవచ్చు. అలాగని నేను దానిని వదులుకోలేదు. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ ఒక్క అంశం గురించే, అంటే అభిప్రాయం చెప్పేముందు ఫోటో తీసినవారి అనుమతి అడగడం గురించే.

పద్ధతి మా సొంతం కాదు. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో, తయారవుతున్న నృత్యాల మీద అభిప్రాయాలు పంచుకోవడానికి దీనిని రూపొందించారు. తరువాత ఇది ఇతర కళలవారి చేతుల్లోకీ వెళ్ళింది. ఇందులో నాలుగు మెట్లున్నాయి. చూసినవారు తమకు మనసులో నిలిచినదేదో ముందు చెబుతారు, ఆ తరువాత తీసినవారు తమ సందేహాలు అడుగుతారు, మూడవ మెట్టులో చూసినవారు అభిప్రాయం కలపని ప్రశ్నలు వేస్తారు, చివరి మెట్టులో "ఫలానా దాని గురించి నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అనుమతి అడిగి, ఇస్తేనే నోరు విప్పుతారు. అనుమతి నిరాకరించే హక్కు ఫోటో తీసినవారికి పూర్తిగా ఉంటుంది. మధ్యవర్తిగా ఒకరు కూర్చుని ఎవరూ మెట్లు దాటి దూకకుండా చూస్తారు.

మేము రాజమహేంద్రవరంలో ఎనిమిది మందిమి. మా సభ్యుడొకాయన ఇంటి మేడ మీద గది మా వేదిక. ఫోన్లో చూపించడం నిషిద్ధం, పన్నెండు అంగుళాలు పద్ధెనిమిది అంగుళాల ప్రింటు తేవలసిందే. మా కెమెరాల్లో ఎక్కువ భాగం 6000 పిక్సెళ్ళు పొడవు, 4000 పిక్సెళ్ళు వెడల్పు బొమ్మనిస్తాయి కాబట్టి ఆ కొలతకు అంచులు కత్తిరించకుండానే అంగుళానికి 333 పిక్సెళ్ళు సరిగ్గా కుదురుతాయి. ప్రింటు ఖర్చు గురించి మొదటి ఏడాది అందరూ గొణిగారు, రెండవ ఏటికి మానేశారు. డబ్బు పెట్టి ముద్రించవలసి వచ్చినప్పుడు మనిషి నలభై ఫోటోలు పక్కన పెట్టి ఒకటి తెస్తాడు, సగం విమర్శ అక్కడే జరిగిపోతుంది.

మొదటి మెట్టు గురించి ఎక్కువ చెప్పను. "బాగుంది", "సూపర్", "అద్భుతం" అనే మూడు మాటల్ని మేము మొదటి నెలలోనే బహిష్కరించాము, వాటి స్థానంలో "చాలా నిండుగా ఉంది" వచ్చి చేరింది. రెండవ మెట్టులో మనవాళ్ళు ప్రశ్నలు అడగరు, "ఏమైనా తప్పులుంటే చెప్పండి" అని చేతులు కట్టుకుని నిలబడతారు.

మూడవ మెట్టు మాత్రం నాకు పాఠం నేర్పింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ప్రశ్నలు వేయడం నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. "ఆకాశం అంత తెల్లగా ఎందుకు వదిలేశారు?" అన్నది ప్రశ్న కాదని, తోక చివర ప్రశ్నార్థకం తగిలించుకున్న మందలింపని మధ్యవర్తి నన్ను కనీసం పదిసార్లు ఆపి ఉంటాడు. "వెలుతురు కొలత దేని మీద తీసుకున్నారు?" అన్నది ప్రశ్న. ఈ తేడా నోటికి అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది, ఇప్పటికీ అలసిపోయిన రోజున జారిపోతుంటాను.

అలా జారిన రోజునే ఆ "వద్దండి" విన్నాను. మాలో ఒకావిడ డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతారు. ఎండాకాలంలో ఆవిడ తన తల్లి మేడ మీద వడియాలు పెడుతున్న ఫోటో తెచ్చారు. నెత్తి మీద చెంగు కప్పుకున్న ఆ పెద్దావిడ ముఖం నీడలో ఉంది, ముందు పరచిన తెల్లబట్ట మిట్టమధ్యాహ్నపు ఎండలో పూర్తిగా కాలిపోయి, అంటే వెలుతురు మరీ ఎక్కువై వివరాలన్నీ చెరిగిపోయి, వడియాలకూ గుడ్డకూ తేడా లేకుండా ఒకే తెల్లని ముద్దలా ఉంది. మూడవ మెట్టులో నేనేమీ అడగలేదు, ఎందుకంటే చెప్పవలసినది నాకు అప్పటికే సిద్ధంగా ఉంది. నా వంతు రాగానే "తెలుపు గురించి నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగాను. అడుగుతూనే గొంతు సవరించుకున్నాను కూడా. ఆవిడ ఫోటో వైపే చూస్తూ, "ఈ ఫోటో గురించి వద్దండి, మాస్టారూ" అన్నారు.

గదిలో ఎవరూ కదలలేదు. మధ్యవర్తి తరువాతి ప్రింటు తీశాడు. నేను ఇంటికి వచ్చి రెండు వారాలు ముభావంగా ఉన్నాను. అనుమతి అడగడమంటే మర్యాదకు అడగడమేనని, అవతలివారు "అయ్యో, చెప్పండి" అనడం ఖాయమని నేను లోలోపల నమ్ముతూ వచ్చానని అప్పుడు తెలిసింది. భోజనానికి లేచేముందు "మరి వడ్డించుకోమంటారా?" అంటే ఎవరైనా "వద్దు" అంటారా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. మూడు నెలల తరువాత ఆవిడే మరో ఫోటో తెచ్చి, రెండవ మెట్టులో, "ఆ రోజు మీరు తెలుపు గురించి చెప్పబోయినది ఇప్పుడు చెప్పండి, ఇది కూడా అలాంటి వెలుతురే" అన్నారు. ఈసారి ముందు ఆ వడియాల ఫోటో ఎలా తీశారో అడిగాను. వెలుతురు కొలత అమ్మగారి ముఖం మీద తీసుకున్నారట, గుడ్డ కాలిపోతుందని కెమెరా తెరమీద మినుకులు చూపించి హెచ్చరిస్తున్నా ముఖం కనబడాలని కావాలనే వదులుకున్నారట. అంటే ఆ రోజు నేను చెప్పబోయినది ఆవిడకు ముందే తెలుసు. ఇప్పుడు ఆవిడకు కావలసిన సంగతి వేరు, ముఖమూ గుడ్డా రెండూ నిలిచే దారి. ఎండలో అదే ఫ్రేము రెండుసార్లు వేర్వేరు వెలుతురుతో తీసి కలపవచ్చని, లేదా ముఖానికి ఎదురుగా ఒక తెల్ల థర్మోకోల్ పలక పట్టించవచ్చని చెప్పాను. ఆ పలకను ఆవిడ ఇప్పటికీ కారు డిక్కీలో పెట్టుకు తిరుగుతారు. నా మాట ఎవరైనా ఇంతకాలం మోయడం నా అనుభవంలో తక్కువ.

ఈ సంఘటన జరిగిన ఉత్సాహంలోనే, రెండేళ్ళ క్రితం, వేరే ఊళ్ళ మిత్రులు కొందరికి ఈ పద్ధతిని మించినది లేదని, ముఖ్యంగా ఈ అనుమతి మెట్టు మన సంస్కారానికి అతికినట్టు సరిపోతుందని ఉత్తరాలు రాశాను. సరిపోతుందన్న మాట వరకు ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి. ఎందుకో చెప్పాలంటే నా పక్షి గురించి చెప్పాలి.

ఒక అక్టోబరులో నేను గోదావరి మీద తెల్లవారుజామున తీసిన ఇసుక పడవల ఫోటో తీసుకువెళ్ళాను. వెనక హేవ్‌లాక్ వంతెన ఉంది, 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన ఆ పాత వంతెన. నీరు పాలలా నునుపుగా రావాలని అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 16కు బిగించి బాగా చిన్నది చేసి, షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచాను. మొదటి మెట్టులో ఒకాయన, "కుడివైపు పైన, ఆకాశంలో దూరంగా ఉన్న ఆ ఒంటరి పక్షి నా మనసులో నిలిచిపోయింది. పడవలన్నీ గుంపుగా ఉంటే అది ఒక్కటే ఎటో పోతోంది" అన్నారు. నేను తీసేటప్పుడు ఏ పక్షినీ చూసిన గుర్తు లేదు. కానీ ప్రింటులో నిజంగానే చిన్న బూడిదరంగు మచ్చ ఉంది. అదృష్టం కలిసి వచ్చిందనుకుని చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. నలుగురూ తల ఊపారు.

నవంబరులో పాపికొండల ఫోటో తీసుకువెళ్ళాను, దానిని ఎవరూ ప్రత్యేకంగా ప్రస్తావించలేదు. జనవరిలో పుష్కర ఘాట్ మంచు. ఫిబ్రవరిలో కడియం నర్సరీల బంతిపూల వరుసలు. ఆ కాలంలో నాకు ఎఫ్ 16 పిచ్చి పట్టి ఉంది, అన్నీ దానితోనే తీశాను. మార్చిలో కూటమి ముగిసి మెట్లు దిగుతుండగా మాలో అందరికంటే చిన్నవాడు, ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడు, వెనకనుంచి వచ్చి మెల్లగా, "మాస్టారూ, మీ పక్షి కడియంలో కూడా ఉందండి" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళి ప్రింట్లు వరుసగా పరిచి చూస్తే పక్షి గోదావరి మీద ఉంది, పాపికొండల మీద ఉంది, ఘాట్ మీద ఉంది, బంతిపూల మీద ఉంది, అన్నిటిలో కుడి అంచు నుంచి సరిగ్గా అంతే దూరంలో ఉంది. అది కెమెరా లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సార్, ముందున్న గాజు మీద కూర్చున్న దుమ్ము రేణువు. అపెర్చర్ పెద్దగా తెరిచినప్పుడు వెలుతురు చాలా దిక్కుల నుంచి వచ్చి పడడం వల్ల రేణువుకు ఉపచ్ఛాయ, అంటే పలుచని నీడ, తప్ప ఏర్పడదు, అది చుట్టూ కరిగిపోయి కంటికి కనబడదు. అపెర్చర్‌ను చిన్న రంధ్రం చేసినప్పుడు వెలుతురు ఒక బిందువు నుంచి వచ్చినట్టే వస్తుంది, ప్రచ్ఛాయ, అంటే చిక్కని నీడ, గట్టిగా పడుతుంది. ఈ ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయల పాఠాన్ని నేను కొవ్వొత్తీ అట్టముక్కా పట్టుకుని ముప్పై ఏళ్ళు చెప్పాను. ఆ కుర్రవాడు నా దగ్గర చదివినవాడే.

మర్నాడు వాడికి ఫోన్ చేసి, ఎప్పటినుంచి తెలుసని అడిగాను. "నవంబరు నుంచండి" అన్నాడు. "మరి చెప్పలేదేం? నాలుగో మెట్టు ఉన్నదే అందుకు కదా" అన్నాను. "ఆయ్, ఉందండి. కానీ నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా అని మిమ్మల్ని అడిగేంతవాణ్ణా అండి? అందులోనూ అందరూ పక్షి అని మెచ్చుకున్నాక" అన్నాడు. మిగిలినవాళ్ళలో ఇంకో ఇద్దరికీ అనుమానం వచ్చిందని తరువాత తెలిసింది. వాళ్ళదీ అదే కారణం.

ఇక్కడే నా ఫిర్యాదు. అనుమతి అడగడమన్నది సమానుల మధ్య తయారైన సాధనం. అది నా చేతిలో ఉన్నప్పుడు అవతలివారు కాదనలేని అధికారం అవుతోంది, ఆ కుర్రవాడి చేతిలో ఉన్నప్పుడు వాడు నోరు తెరవడానికి కూడా పనికిరాని బరువవుతోంది. పద్ధతి లేకపోయి ఉంటే వాడు టీ తాగుతూ మామూలుగా "మాస్టారూ, కెమెరాలో దుమ్ము పడిందేమో చూడండి" అని నవంబరులోనే అనేవాడు. ఆ వాక్యాన్ని ఒక మెట్టుగా, ఒక ప్రకటనగా మార్చేసరికి దానికి ధైర్యం కావలసి వచ్చింది. పైగా దుమ్ము అభిప్రాయం కాదు. వంకర దిగంతరేఖ, ప్రింటులో చారలు, సెన్సార్ మచ్చ, వీటికి అనుమతి అడగనవసరం లేదని మేము ముందే అనుకుని ఉండవలసింది.

ఆ తరువాత ఒక సవరణ చేశాము. కూటమి మొదలు కాకముందే ప్రింట్లు గోడవారగా పెడతాము, సాంకేతిక లోపం కనబడినవారు పేరు లేకుండా చీటీ రాసి ప్రింటు వెనక దోపుతారు. ఎనిమిది మందిలో చేతిరాత గుర్తుపట్టడం ఎంతసేపు, అయినా గుర్తుపట్టనట్టు ఉండడం మాకు బాగానే వచ్చింది. మధ్యవర్తి స్థానంలో పెద్దవాళ్ళను కాక చిన్నవాళ్ళను కూర్చోబెట్టడం మొదలుపెట్టాము, ఆ కుర్చీలో ఉన్నంతసేపు వాళ్ళు మమ్మల్ని ధైర్యంగానే ఆపుతున్నారు. నా వరకు నేను నాలుగవ మెట్టులో ఎవరినీ అనుమతి అడగడం మానేశాను. వాళ్ళంతట వాళ్ళు అడిగితేనే చెబుతున్నాను. దానివల్ల చెప్పవలసినవి కొన్ని చెప్పకుండానే మిగిలిపోతున్నాయి, ఆ నష్టం ఎంతో నాకు తెలియదు.

మీకు సిఫారసు చేయనా అంటే మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. నేను పదవీ విరమణ చేసినవాణ్ణి, ఒక్కో ఫోటోకు ఇరవై నిమిషాల చొప్పున ఆదివారం రెండున్నర గంటలకు పైగా కూర్చోగలను. పెళ్ళిళ్ళు తీసి బతికే ఇద్దరు మిత్రులు రెండు నెలలు వచ్చి ఆగిపోయారు, వాళ్ళకు తీరిక లేదు. ఉప్పలపాడు వెళ్ళి గూడబాతులు తీసే ఒకాయనకు కంటి మీద ఫోకస్ కుదిరిందా లేదా అన్నది తప్ప మిగిలిన మెట్లు అనవసరమనిపించాయి, ఆయన చెప్పినదానిలో న్యాయం లేకపోలేదు. సలాన్లకు, అంటే ఫోటో పోటీ ప్రదర్శనలకు, పంపేవారికి అంగీకరించారో తిరస్కరించారో తెలిస్తే చాలు, కారణాలతో పని లేదు. మీ గుంపులో ఒకరికొకరు "ఏరా" అనుకునేంత చనువు ఉంటే అనుమతి మెట్టు బాగా పనిచేయవచ్చు, మాలాగా మధ్యలో ఒక మాస్టారు ఉంటే ముందు చీటీలతో మొదలుపెట్టండి. మూడవ మెట్టును మాత్రం, మిగిలినవి వదిలేసినా, ఒక ఆరు నెలలు ప్రయత్నించి చూడమంటాను.

సెన్సార్ మీద దుమ్ము రబ్బరు బుడ్డీతో నాలుగుసార్లు ఊదితే పోయింది. కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి ఫోటోలో పైన కనబడే మచ్చ సెన్సార్ మీద కింద ఉంటుందని గుర్తు పెట్టుకుంటే వెతకడం తేలిక. అయితే ఆ ఇసుక పడవల ప్రింటును అప్పటికే ఫ్రేము కట్టించి మా తమ్ముడి గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చేశాను. హాల్లో సోఫా పైన ఉంది. మా మరదలు వచ్చినవాళ్ళందరికీ దానిని చూపించి, "బావగారు తీశారు, ఆ పక్షిని చూడండి, ఎంత ఓపికగా కనిపెట్టుకుని ఉండాలో" అంటుంది. ఆమె ఇంతవరకు నా అభిప్రాయం అడగలేదు.