వేళ చూసుకుని వినవలసిన ఊళ్లు: విజయనగరం, బొబ్బిలి, అరకు

ఉత్తరాంధ్రలో వారం రోజులు పాట కోసమే తిరగాలని అనుకున్నప్పుడు మేము చేసిన మొదటి మంచి పని, ప్రయాణాన్ని సిరిమానోత్సవానికి సరిపోయేలా పెట్టుకోవడం. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరుగుతుంది. ముందురోజు సోమవారం జరిగే ఉత్సవం తొలేళ్లు. చాలామంది మంగళవారం మధ్యాహ్నానికి దిగి, సిరిమాను చూసి, రాత్రికే విశాఖ తిరిగి వెళ్లిపోతారు. చూడడానికి అది చాలు. వినడానికి వచ్చినవారు మాత్రం తొలేళ్ల రాత్రిని వదులుకోకూడదు.

ఆ రాత్రి చుట్టుపక్కల పల్లెల జనం మూటాముల్లెతో ఊళ్లోకి దిగుతారు, వారితోపాటే తప్పెటగుళ్ల బృందాలూ వస్తాయి. యాదవులు తరతరాలుగా నిలుపుకున్న ఆట ఇది. గుండ్రటి రేకు తప్పెటను గుండెల మీద కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో దానికి జవాబు చెబుతారు. మూడు లాంతర్ల కూడలి దగ్గర, గుడికి కొంచెం ఎడంగా, ఒక బృందానికి మూడడుగుల దూరంలో నిలబడ్డాం. అంత దగ్గర నుంచి వింటే అది రేకు చప్పుడుగా అనిపించదు. దెబ్బ మన రొమ్ములో పడుతున్నట్లు ఉంటుంది. వేగం పెరిగినకొద్దీ పాటలోని మాటలు కరిగిపోయి, చివరికి ఊపిరీ గజ్జే మిగిలాయి.

బస విషయంలో దెబ్బ తిన్నాం. ఫోనులో గది ఖాయం చేసిన లాడ్జివారు మేము వెళ్లేసరికి దానిని వేరొకరికి ఇచ్చేసి, రెట్టింపు అద్దెకు మేడమీది గది చూపించారు. ఆ మూడు రోజులూ కిటికీ తలుపు సరిగ్గా పడలేదు. అయినా విశాఖలో దిగి రోజూ వచ్చి వెళ్లే ఏర్పాటు కన్నా ఇదే మేలు, ఎందుకంటే వినవలసినదంతా ఆఖరి బస్సు వెళ్లిపోయాకే మొదలవుతుంది. డబ్బు ముందుగా కట్టి, రసీదు చేత పుచ్చుకోవడం ఒక్కటే మార్గం.

బుధవారం ఊరు ఊడ్చుకుంటూ ఉండగా సంగీత కళాశాలకు వెళ్లాం. 1919లో విజయరామ గజపతి మహారాజు స్థాపించిన ఈ కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. తరువాత 1936లో ఆ పీఠం మీద కూర్చున్నది వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల ఇక్కడ చదువుకునే రోజుల్లో మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకున్నాడన్న సంగతి తెలిసినవారికి ఈ వీధుల్లో ప్రతి అరుగూ వేరుగా కనిపిస్తుంది. పి. సుశీల చదివిందీ ఇక్కడే. కార్యాలయంలో అడిగితే వరండాలో కూర్చోనిచ్చారు. ఒక గదిలో సరళీస్వరాలు, పక్క గదిలో వయొలిన్, ఎక్కడో మృదంగం; మూడూ మూడు కాలాల్లో నడుస్తుంటే వినడం కొంచెం కష్టమే, కానీ టికెట్ కచేరీలో దొరకని వినికిడి అది. సందర్శకుల కోసం ప్రత్యేక ఏర్పాటేమైనా ఉంటుందని ఆశించి వెళితే నిరాశ తప్పదు. ఇది చదువుకునే చోటు.

నారాయణదాసు పుట్టిన అజ్జాడ బొబ్బిలి వైపు పల్లె. అయిదు తాళాలను ఒకేసారి నడిపించిన ఆ లయబ్రహ్మ చివరకు పేరు నిలుపుకున్నది హరికథలో, అంటే చేత చిడతలూ కాలికి గజ్జే కట్టి, జనం మధ్య నిలబడి చెప్పే కథలో. తొలేళ్ల రాత్రి గజ్జెల మోత విన్న చెవులతోనే కళాశాలకు వెళ్లడం వల్లనేమో, శాస్త్రీయమనీ జానపదమనీ మనం గీసుకునే గీత ఈ నేల మీద అంత గట్టిగా లేదని నాకు అనిపించింది.

బొబ్బిలిలో మేము దిగింది చిన్న లాడ్జి, అద్దె 900 రూపాయలు, గది శుభ్రం, వేడినీళ్లు మాత్రం అడిగితేనే. అక్కడి నుంచి గొల్లపల్లికి ఆటోలో కొద్ది నిమిషాల దారి. వీణలు చేసే సర్వసిద్ధి వంశీకుల ఊరు ఇదే. కార్ఖానాలో అడుగు పెట్టగానే పనస చెక్క వాసన, కాళ్ల కింద పసుపుపచ్చని పొట్టు. కుండ, దండి, తల మొత్తం ఒకే దుంగలోంచి తొలిచితే అది ఏకాండి వీణ. మేము వెళ్లిన వేళకు ఒక పెద్దాయన మేళం కడుతున్నారు. నల్లటి మైనం మీద ఇరవై నాలుగు మెట్లను ఒక్కొక్కటిగా నిలబెట్టి, తీగ మీటి, చెవి వంచి, మెట్టును గోరంత పక్కకు జరిపి, మళ్లీ మీటుతున్నారు. ఒక్క మెట్టు దగ్గర పదిసార్లయినా ఆగి ఉంటారు. “చెయ్యి పని చెయ్యి చేసేస్తాది బాబూ, చెవి పనే తెమలదు” అన్నారు తల ఎత్తకుండానే. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వెళితే ఉలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదట. పొద్దున్నే వెళ్లడం మా అదృష్టం. బహుమతికి పనికివచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా అక్కడ అమ్ముతారు. అవి మోగవు.

జముకు అనే వాద్యంతో చెప్పే జముకుల కథను ఈ ప్రయాణంలో రెండుసార్లు విన్నాం. మొదటిసారి ఒక పండుగ వేదిక మీద పదిహేను నిమిషాలు; మైకు కథకుడి నోటికే ఇచ్చి, జముకు వాయించే వంతకు ఇవ్వలేదు. ఆ వాద్యంలో ఒకవైపు చర్మం మూసి, దాని నడుమ నుంచి నరం లాగి, బిగిస్తూ వదులుతూ మీటుతారు. అందుకే దాని ధ్వని దెబ్బలా మొదలై ప్రశ్నలా పైకి లేస్తుంది. వేదిక మీద ఆ ప్రశ్న వినిపించనే లేదు. రెండోసారి, మా ఆటో అబ్బాయి చెప్పగా, బొబ్బిలికి దగ్గరి పల్లెలో ఒక ఇంటివారు మొక్కు తీర్చుకుంటూ రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పించుకుంటుంటే వెళ్లాం. కథకుడు ఒక మాట అని ఆగితే, వంతలు దానిని అందుకునేలోపు జముకు అడిగేది. అర్ధరాత్రికి ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. పిల్లలు చాపల మీద నిద్రపోయారు. మమ్మల్ని ఎవరూ డబ్బు అడగలేదు. టీ మాత్రం మూడుసార్లు ఇచ్చారు.

అరకుకు విశాఖ నుంచి కిరండూల్ బండిలో వెళ్లడం అందరూ మెచ్చే దారి. సొరంగాలూ లోయలూ బాగుంటాయి గాని, మేము ఉన్న చోటు నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కడమే సుళువు. బస చేసిన రిసార్టులో రాత్రి మంట వేసి, సినిమా పాట ఆపి, గిరిజనుల ధింసా నాట్యానికి అరగంట ఇచ్చారు. మోరి, తుడుము, డప్పు వాద్యాలు సాగుతుండగా ఆడవాళ్లు వెనక నుంచి చేతులు పెనవేసుకుని గొలుసుగా కదిలారు. అంతలో అతిథులు సెల్ఫీల కోసం మధ్యలో దూరితే గొలుసు తెగింది. దానిని తక్కువ చేసి మాట్లాడబోను, అది వారికి కూలి. అయితే ఆ కూలి చేతికి ఎంత అందుతుందో అడిగితే నిర్వాహకులు మాట మార్చారు. బృందంలోని ఒకామె మాత్రం చైత్రంలో ఇటుకల పండక్కి రమ్మని, అప్పుడైతే రోజుల తరబడి ఆడతామని చెప్పింది. తిరుగు ప్రయాణంలోనే పంచాంగం తీసి సెలవులు లెక్కపెట్టుకున్నాం. ఈసారి గది రిసార్టులో కాక, ఊరికి దగ్గరగా వెతకాలి.