హాలోజన్ ప్రయోగాల పెట్టె: సరుకు మంచిదే, సీసానే తప్పు

క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వంటి హాలోజన్ మూలకాల చర్యలను సమీకరణాలుగా చదవడానికీ, పరీక్షనాళికలో రంగు మారుతుండగా చూడడానికీ ఎంత తేడా ఉందో రసాయనశాస్త్రం బోధించేవాడిగా నాకు తెలుసు కనుక, విద్యార్థుల కోసం తయారుచేసిన ఈ పెట్టెను ఆశగానే తెరిచాను. క్లోరిన్ నీరు, పొటాషియం బ్రోమైడ్, పొటాషియం అయొడైడ్, హెక్సేన్, సిల్వర్ నైట్రేట్, అమ్మోనియా, వీటితో పాటు ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. ఎంపికకు వంక పెట్టలేము.

చిక్కు మొదటి ప్రయోగంలోనే వచ్చింది. బ్రోమైడ్ ద్రావణంలో క్లోరిన్ నీరు పోస్తే బ్రోమిన్ విడుదలై నారింజ రంగు రావాలి. రెండుసార్లు చేసినా ద్రావణం తేటగానే ఉండిపోయింది. అనుమానం వచ్చి నీలి లిట్మస్ కాగితంపై ఒక చుక్క వేశాను. తాజా క్లోరిన్ నీరైతే కాగితం ముందు ఎర్రబడి, ఆ వెంటనే తెల్లగా వెలిసిపోతుంది. ఇక్కడ ఎర్రబడి ఊరుకుంది. కారణం సీసా రంగులేని గాజుది కావడమే: క్లోరిన్ నీటితో కలిసి ఏర్పరిచే హైపోక్లోరస్ ఆమ్లం వెలుతురులో హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా, ఆక్సిజన్‌గా విడిపోతూ ఉంటుంది కాబట్టి, చివరికి సీసాలో మిగిలేది సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ముదురు గోధుమరంగు సీసా వాడి ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పేది.

మా ప్రయోగశాలలో అప్పటికప్పుడు తయారుచేసిన క్లోరిన్ నీటితో మళ్లీ చేసినప్పుడు మాత్రం పెట్టె తన విలువ చూపింది. నీటిలో బ్రోమిన్, అయోడిన్ రంగులు పలుచగా ఉన్నప్పుడు ఒకదానికొకటి దగ్గరగా కనిపించి తికమక పెడతాయి. హెక్సేన్ పోసి కుదిపితే పైపొరలో బ్రోమిన్ నారింజగా, అయోడిన్ చక్కటి ఊదారంగులో విడిగా తేలుతాయి. అయితే క్లోరిన్ నీరు మరీ ఎక్కువైతే అయోడిన్ రంగులేని అయొడేట్‌గా ఆక్సీకరణం చెంది ఆ ఊదారంగు కూడా మాయమవుతుంది. పుస్తకం ఈ సంగతి చెప్పదు; చుక్కల లెక్క కూడా ఇవ్వదు. ప్రయోగం చెడిపోయిందని విద్యార్థి అనుకునే చోటు ఇదే.

క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్ అయాన్లను గుర్తించే సిల్వర్ నైట్రేట్ పరీక్షలు బాగా వచ్చాయి. తెలుపు క్లోరైడ్ అవక్షేపం సజల అమ్మోనియాలోనే కరిగింది, మీగడ రంగు బ్రోమైడ్‌కు గాఢ అమ్మోనియా కావలసి వచ్చింది, పసుపు అయొడైడ్ దేనికీ కరగలేదు.

పుస్తకంలో మరో పొరపాటు సరిదిద్దవలసిందే. ఎలక్ట్రాన్ ఎఫినిటీ, అంటే వాయుస్థితిలోని పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు వెలువడే శక్తి, ఫ్లోరిన్‌కే అత్యధికమని రాశారు. నిజానికి అది క్లోరిన్‌కు ఎక్కువ, మోల్‌కు సుమారు 349 కిలోజౌళ్లు, ఫ్లోరిన్‌ది 328. అయినా ఫ్లోరిన్ అన్నిటికన్నా బలమైన ఆక్సీకరణి (ఇతర పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లను లాక్కునేది) కావడానికి దాని అణువులోని బలహీనమైన బంధం, ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ నీటి అణువులు చేరే హైడ్రేషన్‌లో వెలువడే అధిక శక్తి కారణాలు. 1886లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మోయిసాన్ విద్యుద్విశ్లేషణతో గానీ లొంగదీసుకోలేకపోయిన ఆ మూలకం ఈ పెట్టెలో లేకపోవడం సహజమే.

కళ్లద్దాలు ఇచ్చారు గానీ చేతితొడుగులు ఇవ్వలేదు. సిల్వర్ నైట్రేట్ చుక్క పడి నల్లబడిన నా బొటనవేలి మచ్చ వారం దాటాక గానీ పోలేదు.