పాత పట్టుచీర పేరుతో కొత్త చీర: చెన్నైలో కొనేవారికి హెచ్చరిక

చెన్నైలో పాత కంచిపట్టు చీరల కోసం ఇన్‌స్టాగ్రామ్ థ్రిఫ్ట్ పేజీలు, అంటే వాడిన బట్టలు తిరిగి అమ్మే పేజీలు, చూస్తున్న తెలుగువారికి ఈ హెచ్చరిక. ‘డెబ్బైల నాటిది, అసలు జరీ, ఇలాంటిది ఇదొక్కటే’ అన్న మాట నమ్మి నేను 9,800 రూపాయలకు కొన్న చీర పాతది కాదు, దాని జరీ అసలుది కాదు, అలాంటిది అదొక్కటే కూడా కాదు. అమ్మిన పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఆ పేజీ ఇప్పటికే ఒకసారి పేరు మార్చుకుంది గనుక, పేరు కంటే వాళ్ల పద్ధతి తెలిస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మేము చెన్నై శివారులోని క్రోంపేటకు వచ్చి పద్నాలుగేళ్లయింది. పాత ట్రంకు రోడ్డు మీద ప్రతి శుక్రవారం జరిగే పల్లావరం సంతకు వెళ్లడం నాకు మొదటినుంచీ అలవాటు. మొక్కలు, పావురాలు, తుప్పు పట్టిన కుట్టుమిషన్లు, ఎవరింట్లోనో మూడు తరాలు కూర్చుని అరగదీసిన టేకు కుర్చీలు, వాటి నడుమ నేల మీద పట్టా పరిచి కుప్పలుగా పోసిన బట్టలు. సెంట్రల్ స్టేషను పక్కన ఉండి 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టు గురించి మా మామగారు చెబుతుంటే, ఈ సంతను చూసినదాన్ని గనుక నాకు అది కళ్లకు కట్టినట్టే ఉండేది. ఆ కుప్పల్లో ఓపికగా వెతికితే ఏడాదికి ఒకటో రెండో మంచి పట్టుచీరలు దొరికేవి. అంచు చిరిగో, పల్లూ మీద నూనె మరకతోనో ఉండేవన్నది నిజమే. కానీ నాలుగైదు వందలకు వచ్చేవి, రఫూ చేయిస్తే పండగకు కట్టుకునేలా ఉండేవి.

ఇప్పుడు అదే పట్టా మీద అలాంటి చీర కనబడడమే అరుదు. కనబడితే రెండున్నర వేలు చెబుతున్నారు. ఇదేమిటని అడిగితే, నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన అమ్మకందారు తన ఫోను తీసి, అలాంటి చీరకే ఇన్‌స్టాగ్రామ్‌లో ఎనిమిది వేలు వేసి ఉన్న ఫొటో చూపించి, ‘నేను తక్కువే చెబుతున్నానమ్మా’ అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తెల్లవారకముందే టార్చిలైట్లతో వచ్చి, మూటలు విప్పుతుండగానే పట్టు మొత్తం ఏరుకుపోయేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు; మనం టిఫిన్లు ముగించుకుని వెళ్లేసరికి మిగిలేది పాలిస్టరే.

ధర పెరగడానికి వాళ్లొక్కరే కారణమనడం మాత్రం న్యాయం కాదు. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నని వెండితీగ చుట్టి, పైన బంగారు పూత పూసినది. అందుకే మైలాపూరు, టీ నగర్ వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామన్న బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాళ్లకు చీర అక్కర్లేదు, కాల్చగా మిగిలే వెండి కావాలి. మా అమ్మ పెళ్లిచీరను నాన్నగారి ఆసుపత్రి ఖర్చుల కోసం 1992లో అలాగే అమ్మేశాం. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయాక, చినిగి పీలికలైన చీరకు సైతం ఒక కనీస ధర ఏర్పడింది. మరోవైపు పాత అంచులు కత్తిరించి లెహంగాలకు, రవికలకు కుట్టే బొటీకులు వచ్చాయి. అంటే ఒకే చీర కోసం కరిగించేవాడు, కత్తిరించేవాడు, ఫొటో తీసి అమ్మేవాడు, కట్టుకునేవాళ్లు అని నలుగురు పోటీ పడుతున్నారు. ఈ నలుగురిలో అందరికంటే తక్కువ పెట్టగలిగేది కట్టుకునేవాళ్లే. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ మా వీధికి ఇప్పటికీ వస్తుంది. ఇదివరకు నూలు చీరలను కూడా లెక్కపెట్టుకుని గిన్నె ఇచ్చేది, ఇప్పుడు గుమ్మంలో బుట్ట దించకముందే ‘పట్టు ఏమైనా ఉందా?’ అని అడుగుతోంది.

మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ ప్రతి దీపావళికీ తనకూ తన కూతురికీ ఆ సంతలోనే చీరలు కొనేది. నిరుడు వెళ్లి ఉత్తచేతులతో తిరిగి వచ్చింది. ఆ ధరకు రంగనాథన్ వీధిలో కొత్త సింథటిక్ చీరలు రెండు వస్తాయని లెక్క వేసుకుంది, అదే కొన్నది. ఆవిడ లెక్క తప్పు కాదు గానీ, పాతదాని కోసం వెళ్లినవాళ్లు అది అందక కొత్తది కొనుక్కోవలసి రావడం నాకు వింతగానే తోచింది. తిరిగి అమ్మేవాళ్లంతా దొంగలని నా ఉద్దేశం కాదు. నాలుగు గంటలకు లేచి, ఏరి, శుభ్రం చేయించి, రఫూ చేయించి, మరకలతో సహా ఫొటో పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్ల శ్రమకు డబ్బు తీసుకుంటారు, అందులో తప్పు లేదు. అమెరికాలో 1902లో పేదలకు పని చూపడానికి మొదలైన గుడ్‌విల్ అనే పాతవస్తువుల దుకాణాలు మంచి వస్తువులను 1999 నుంచి ఆన్‌లైన్ వేలంలో పెడుతున్నాయి. పాతబట్టల యాప్ డీపాప్‌ను 2021లో ఎట్సీ సంస్థ 160 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. అంత సొమ్ము ఉన్నచోట బేరం పెరగక మానదు. నా ఫిర్యాదు లాభం మీద కాదు, అబద్ధం మీద. పాతది కొత్తదానికంటే ఖరీదైన చోట కొత్తదాన్ని పాతదిగా తయారుచేసేవాళ్లు పుట్టుకొస్తారన్న సంగతి నేను 9,800 రూపాయలు పోగొట్టుకునే దాకా ఆలోచించలేదు.

జరిగింది ఇది. మా అమ్మాయి నిశ్చితార్థానికి అమ్మ పెళ్లిచీర లాంటిది, పసుపుపచ్చ ఒళ్లు, చిలకపచ్చ అంచు, హంసల పల్లూ ఉన్నది ఒకటి కావాలని ఏడాదిగా వెతుకుతున్నాను. ఆ పేజీవాళ్లు ఒక రాత్రి ఎనిమిది గంటలకు ‘డ్రాప్’ అని ఒకేసారి అమ్మకానికి పెట్టిన పన్నెండు చీరల్లో అలాంటిదే కనిపించింది. కింద ‘కారైక్కుడి ఇంటి పెట్టెలోది, పెళ్లికి ఒక్కసారే కట్టినది’ అని రాశారు. నేను ప్రశ్న అడిగేలోపే ముగ్గురు ‘బుక్’ అని కామెంటు పెట్టారు, మరుక్షణం ఆ పేజీ నుంచి ‘మొదటి ఆవిడ వెనక్కి తగ్గారు, పది నిమిషాల్లో పంపితే మీకే’ అని సందేశం వచ్చింది. ఆ ముగ్గురివీ నాలుగైదు ఫొటోలు మాత్రమే ఉన్న ఖాతాలని తరువాత చూశాను. వచ్చి చూసి కొంటానంటే దుకాణం లేదన్నారు. పల్లూ వెనకవైపు ఫొటో అడిగితే చీర ప్యాక్ చేసేశామన్నారు. అక్కడే ఆగవలసింది. అమ్మ చీర కళ్లముందు మెదులుతుండగా యూపీఐలో డబ్బు పంపేశాను.

పార్సిల్ వచ్చింది. జరీ నల్లబడి, మసకగా, చూడడానికి పాతగానే ఉంది. నాఫ్తలీన్ ఉండల వాసన కూడా వచ్చింది, అంత శ్రద్ధ తీసుకున్నారు. అనుమానం వచ్చింది మా అత్తగారికి. ఆవిడ చీరను వెలుతురులో పరిచి కింది అంచు వెంబడి వేలితో తడుముతూ, ‘పెళ్లిలో కట్టిన చీరకు ఫాల్ కుట్టిన సూది గుర్తులు ఏవే?’ అన్నారు. ఫాల్ లేదు, తీసేసిన జాడా లేదు. ఆనాటి చీరలకు కొన్నింటికి ఫాల్ ఉండకపోవచ్చునన్నాను. ‘అయితే కింది అంచు అరగాలి కదా’ అన్నారు, అదీ అరగలేదు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న పట్టు మడతల దగ్గరే ముందు చిట్లుతుంది. ఇందులో మడతలు గట్టిగా ఉన్నాయి. మసక కూడా చీరంతా ఒకే తీరుగా ఉంది. నిజంగా పాతబడిన జరీ గాలి తగిలే పైమడతలో ఎక్కువగా, లోపలి మడతల్లో తక్కువగా నల్లబడుతుంది.

మరునాడు మైలాపూరులో పాత పట్టుచీరలు కొనే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన పల్లూ చివర వేలాడే ఒక పోగు తెంచి గోటితో గీకాడు. అసలు జరీ అయితే లోపల సాధారణంగా ఎర్ర పట్టుదారం కనబడుతుంది. నా చీరలో తెల్లటి పోగు బయటపడింది. దాన్నే అగ్గిపుల్లతో అంటించాడు. పట్టు కాలితే జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది, అసలు జరీలో తీగ మిగులుతుంది. ఇది కరిగి ముడుచుకుని చిన్న నల్లపూసలా గట్టిపడింది. ప్లాస్టిక్ జరీ. తరువాత చీరను తిరగేసి అంచు ఒంటితో కలిసే చోటు చూపించాడు. మగ్గం మీద కోర్వై పద్ధతిలో వేరే రంగు అంచును కలిపి నేసినప్పుడు వెనకవైపు ఆ కలయిక గరుకుగా, అక్కడక్కడ ఎగుడుదిగుడుగా తెలుస్తుంది. ఇక్కడ గీత గీసినట్టు నున్నగా ఉంది. ‘ఇది మరమగ్గం చీరమ్మా, దీనికి నేను వంద కూడా ఇవ్వను, ఎందుకంటే కరిగించడానికి ఇందులో ఏమీ లేదు’ అన్నాడు. ఒంట్లో మాత్రం పట్టు ఉందన్నాడు. అందుకని సిల్క్ మార్క్ లేబులు చూపించారని సంబరపడకండి. ఆ లేబులు పట్టు అసలుదా కాదా అన్నదానికే హామీ, జరీకీ వయసుకూ కాదు.

వాపసు అడిగాను. పార్సిల్ విప్పేటప్పుడు ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో ఉంటేనే వాపసు అన్నారు. ఆ వీడియో నా దగ్గర ఉంది, పంపాను. అప్పుడు ‘పాత వస్తువులకు వాపసు లేదు’ అన్నారు. పాతది కాదన్నదే కదా నా ఫిర్యాదు అని రాశాక నన్ను బ్లాక్ చేశారు.

2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం, వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేరుపెట్టి మరీ పేర్కొంటుంది. కొత్తదాన్ని పాతదని అమ్మే రోజు వస్తుందని అది రాసినవాళ్లు ఊహించి ఉండరు. అయినా వస్తువు నాణ్యత, కూర్పు గురించి అబద్ధం చెప్పడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది గనుక, ప్లాస్టిక్ జరీని అసలు జరీ అన్నందుకు అది చాలు. నేను ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. అయితే ఎదుటివారి చిరునామా కావాలి, ఇన్‌స్టాగ్రామ్ పేజీకి చిరునామా ఉండదు. నాకు అది కొరియర్ కవరు మీద దొరికింది. కాబట్టి ఏది పారేసినా ఆ కవరు పారేయకండి. ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, సందేశాలు కూడా మిమ్మల్ని బ్లాక్ చేయకముందే దాచుకోండి. తిరిగి అమ్మడానికి కొన్నవారిని ఈ చట్టం వినియోగదారుగా పరిగణించదు, ఆ పని చేసేవారు ఈ దారి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫిర్యాదు నమోదయిన తరువాత వేరే నంబరు నుంచి ఒకరు ఫోన్ చేసి, నాలుగు వేలు వెనక్కి ఇస్తాం, ఎక్కడా రాయకండి అన్నారు. ఒప్పుకోలేదు.

మొన్న శుక్రవారం మా అమ్మాయి తన ఫోనులో ఒక కొత్త పేజీ చూపించింది. అదే గోడ, అదే చెక్క స్టూలు, అదే హంసల పల్లూ. ‘తంజావూరు ఇంటి పెట్టెలోది, ఇలాంటిది ఇదొక్కటే’ అని రాసి, వంగపండు రంగులో ఒకటి పెట్టారు. దానికి రెండు రోజుల ముందు నెమలికంఠం రంగులో ఇంకొకటి అమ్ముడైనట్టు ఉంది. ఈసారి ధర 11,500. ఈ రంగుల్లోనో, పసుపుపచ్చకు చిలకపచ్చ అంచుతోనో హంసల పల్లూ చీర మీ ఫోనులో కనిపిస్తే, డబ్బు పంపకముందు పల్లూ వెనకవైపు ఫొటో, గీకిన జరీపోగు ఫొటో అడగండి. ప్యాక్ చేసేశాం అన్నారంటే వదిలేయండి.